కింద పడ్డ దారమే కొలబద్ద

సరిగ్గా మీటరు పొడవున్న దారాన్ని మీటరు ఎత్తున అడ్డంగా, బిగువుగా పట్టుకుని వదిలేయాలి. అది ఏ ఒంపు తిరిగి పడితే ఆ ఒంపే ఖాయం. పారిస్‌లో 1913-14లో కళాకారుడు మార్సెల్ డ్యుషాంప్ తన ‘త్రీ స్టాండర్డ్ స్టాపేజెస్’ కోసం పెట్టుకున్న పద్ధతి ఇదే. వదిలేయడం ఎవరైనా చేస్తారు. అసలు పనితనమంతా ఆ తర్వాత ఉంది.

దారం పడేచోట ప్రష్యన్ బ్లూ రంగు వేసిన కాన్వాసు ఉంది. ఆ ముదురు నీలం మీద సన్నని పోగు కూడా తేటగా కనిపిస్తుంది. ఒంపు చెదరకుండా వార్నిష్ చుక్కలతో అతికించాడు. మూడు దారాలు, మూడు ఒంపులు. కాన్వాసును 120 సెంటీమీటర్ల పొడవు, 13.3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో గాజు పలకకు అంటించాడు.

ఇక చెక్క బద్దలు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంగం ఇది. దారం ఒంపు ఎలా ఉందో అలాగే బద్ద అంచును చెక్కించాడు. దారం పడింది ఒక్కసారే, బద్దతో మాత్రం అదే గీతను ఎన్నిసార్లయినా గీయవచ్చు. ఒంపు వెంట కొలిస్తే మీటరే, కొస నుంచి కొసకు సూటిగా కొలిస్తే అంతకన్నా తక్కువ. అప్పట్లో లోకానికంతటికీ ప్రమాణమైన ప్లాటినం-ఇరిడియం మీటరు కడ్డీ ఆ పారిస్ పక్కనే, సెవ్ర్‌లో భద్రంగా ఉండేది! 1914లో వేసిన ‘నెట్‌వర్క్ ఆఫ్ స్టాపేజెస్’ చిత్రంలో ఒక్కో ఒంపును మూడేసిసార్లు వాడి తొమ్మిది గీతలు గీశాడు. ఆ గీతలే తర్వాత అతని గాజు కళాకృతి ‘లార్జ్ గ్లాస్’లో సన్నని గొట్టాలయ్యాయి. గాజు పలకలు, బద్దలు అన్నీ ఒక పొడవాటి చెక్కపెట్టెలో అమరిపోతాయి.

ఫ్రెంచిలో ‘స్టాపేజ్’ అంటే చిరిగిన బట్టను అతుకు తెలియకుండా కుట్టడం, హైదరాబాదులో రఫూ అంటారే, అది. 1999లో ఈ కృతిని పరిశీలించిన రోండా షియరర్, స్టీఫెన్ జే గూల్డ్ ఒక సంగతి బయటపెట్టారు. దారం కొసలు కాన్వాసులోంచి దూరి వెనక్కి వెళ్లి, అక్కడా కొంత మేర సాగుతున్నాయి. అంటే సూది పని జరిగింది. ఇది తెలిశాక దారం నిజంగా ఎలా పడిందో, ఎంతవరకు పడిందో అనుమానించాల్సిందే. నాకైతే గౌరవం తగ్గలేదు. పేరులోనే కుట్టుపని ఉందని చెప్పి, ఆ కుట్టును అందరి కళ్లెదుట దాచిన చెయ్యి అది.

ఈ పెట్టె ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ది. ఎప్పుడైనా ప్రదర్శనలో కనిపిస్తే, ఒంపులు చూసి వచ్చేయకండి. దారం కొసల దగ్గర కాసేపు ఆగండి.