ఛాయాచిత్రమూ, దాని క్రింది వాక్యమూ

జంషెడ్‌పూరు నగరం కంటికి కనబడక ముందే కాగితం మీద పుట్టినది. 1902లో జంషెడ్జీ టాటా విదేశం నుండి తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన ఒక ఉత్తరంలో, రాబోయే ఉక్కు పట్టణానికి విశాలమైన వీథులుండవలెననీ, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లను వాటి వెంట నాటించవలెననీ, పచ్చిక బయళ్ళకూ, ఆటస్థలాలకూ, అన్ని మతాలవారి ప్రార్థనాలయాలకూ చోటు విడువవలెననీ కోరినాడు. రెండేళ్ళకే, 1904లో, ఆయన కన్నుమూసినాడు. సాక్చి గ్రామాన్ని ఎన్నుకొనడం 1907 నాటి మాట. తొలి ఉక్కు పోసినది 1912లో. సాక్చి జంషెడ్‌పూరు అయినది 1919లో. కాళీమాటి రైలు స్టేషను టాటానగర్ అయినదీ ఆ పేరుమార్పుతోనే. కట్టదలచినవాడు కన్నుల చూడని నగరమిది. ఇక్కడ చూపుకంటె వాక్యమే ముందు నడిచినది.

ఈ పాత సంగతి ఎందుకు జ్ఞాపకం చేయవలసి వచ్చినదంటే, ఆ నగరంలో సెలవు దినాలలో కెమెరా భుజాన వేసుకొని తిరిగే ఔత్సాహికులను గూర్చీ, తీసిన బొమ్మల క్రింద వారు వ్రాసుకొనే నాలుగు మాటలను గూర్చీ విచారించడం ఈ వ్యాసానికి విషయం. ఇది సాహిత్య పత్రికలో చేరదగిన విషయమేనా అని కొందరికి సందేహం కలుగవచ్చును. నాకూ ఒకప్పుడు కలిగినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఖరగ్‌పూరు మీదుగా వచ్చి, కద్మాలోనూ, బిస్టుపూరులోనూ, సోనారీలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో కొన్ని ఆల్బములు తిరగవేసిన తరువాత ఆ సందేహం చాలవరకు తీరినది.

మొదట నిష్ఠురమైన మాట చెప్పి తరువాత మెచ్చుకొనవలసినది మెచ్చుకొంటాను. ఈ ఔత్సాహికుల బొమ్మలలో నూటికి తొంభై వంతులు మన ప్రబంధకవుల అష్టాదశ వర్ణనలే. నగరం, శైలం, ఉద్యానం, సూర్యాస్తమయం, చంద్రోదయం, జలక్రీడ — జాబితా యావత్తూ అక్కడ సిద్ధంగా ఉన్నది. శైలానికి దల్మా కొండలు. సలిలానికి డిమ్నా జలాశయం. ఉద్యానానికి 1958లో ప్రారంభమైన జూబిలీ పార్కు. సాయంసంధ్యకు సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలిసే దోముహానీ. ఏటా మార్చి 3వ తేదీన, అంటే జంషెడ్జీ జన్మదినాన, పార్కునంతా విద్యుద్దీపాలతో అలంకరిస్తారు. ఆ రాత్రి దీపతోరణాలను తీయని కెమెరా ఊరిలో ఉండదు. ఆ బొమ్మల క్రింది మాటలు కూడా అట్టివే: ప్రశాంత సంధ్య, ప్రకృతి శోభ, కాంతుల వెల్లువ. విశేషణాన్ని తీసివేస్తే వీటిలో మిగిలేది లేదు. కవిత్వంలో మనం ఒక శతాబ్ది పాటు తగవులాడి వదిలించుకొన్న వర్ణనలను కెమెరా దొడ్డిదారిన మళ్ళీ ఇంటికి తెచ్చినదనిపిస్తుంది.

కాని దీనికి ఔత్సాహికుణ్ణి మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అతని నగరానికి నడిబొడ్డున ఉన్న వస్తువును అతడు చిత్రించలేడు. ఉక్కు కర్మాగారాల గేటు వద్ద అనుమతి లేని కెమెరా ఆగిపోవలసినదే. లోపల ముప్పైయేళ్ళు పనిచేసినవాడు ఆ లోపలి ముఖాన్ని బొమ్మగా ఇంటికి తీసుకొనిపోలేడు. ఎక్కడినుండియో వచ్చినవాడు అనుమతి పత్రంతో నాలుగు దినాలు తిరిగి, లోకమంతా ఎరిగిన చిత్రాలతో వెడలిపోగలడు. స్విట్జర్లాండు దేశీయుడైన వెర్నర్ బిషాఫ్ 1951లో బీహారు కరవును చిత్రించడానికి వచ్చి, అప్పటికి ఆ రాష్ట్రంలోనే ఉన్న ఈ ఊరి ఉక్కు కర్మాగారాన్ని కూడా చిత్రించినాడు. ఆంగ్ల సాహిత్య విద్యార్థిగా ఉంటూ సరదాకు కెమెరా పట్టి, 1943 నాటి వంగదేశపు కరవుతో ఆ పనిలో నిలిచిపోయిన సునీల్ జానా, తరువాతి దశకంలో తూర్పు భారతపు గనులనూ, ఉక్కు కర్మాగారాలనూ చిత్రించినాడు. వీరి ప్రతిభను తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. బిషాఫ్ చిత్రంలో యంత్రానికీ మనిషికీ మధ్య గల ప్రమాణ భేదం ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే ఆ మనిషి పేరు మనకు తెలియదు. అతడు ఇంటికి పోయి ఏమి తిన్నాడో, ఆ వేడిని ఇంటిలోనివారికి ఏమని చెప్పినాడో తెలియదు. అది చెప్పగలవాడు గేటు లోపల ఉన్నాడు. అతని కెమెరా గేటు బయట ఉన్నది.

అక్కడ కలం అవసరమవుతుంది. కలాన్ని ఏ కావలివాడూ సోదా చేసి పట్టుకొనలేడు.

కద్మాలో ఒక పెద్దాయన నాకు చూపిన ఆల్బమును గూర్చి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఆయన ఉక్కు కొలిమి వద్ద పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. పేరు ప్రకటించడం ఆయనకు ఇష్టం లేదు. 1970ల దశకంలో కొన్న ఆగ్ఫా క్లిక్ త్రీ ఆయన తొలి కెమెరా. మన దేశంలో ఎన్నో మధ్యతరగతి ఇళ్ళకు మొదటి కెమెరా అదే. ఫిల్ము చుట్టకు పన్నెండు చదరపు బొమ్మలు. మొదటి పుటలో జూబిలీ పార్కు ఫౌంటెను ఎదుట భార్యా, చంకలో బిడ్డా. ఇది ఎవరైనా తీసే బొమ్మ. ఫ్రాన్సు దేశపు సమాజశాస్త్రజ్ఞుడు పియర్ బూర్ద్యూ, ఆయన సహచరులూ 1965లో ప్రకటించిన గ్రంథంలో సామాన్యుని కెమెరా పండుగలకూ, కుటుంబ సమావేశాలకూ కట్టుబడి ఉంటుందని నిరూపించినారు. ఆ సిద్ధాంతానికి ఈ బొమ్మ చక్కని ఉదాహరణ. దాని క్రింది వాక్యం మాత్రం ఏ సిద్ధాంతానికీ లొంగదు: ‘కెమెరా కొన్న రెండో ఆదివారం. చుట్టలో ఇది ఏడో బొమ్మ. మిగతా అయిదూ దాచుకోవాలి.’ ఆ ‘దాచుకోవాలి’ అన్న మాటలో ఒక జీతగాని నెల అంతా ఉన్నది.

కొన్ని పుటల తరువాత ఒక నల్లని బొమ్మ. అడుగున ఇళ్ళ కప్పులు, పైన బూడిదరంగు ఆకాశం. అంతకు మించి ఏమీ లేదు. సాంకేతికంగా చూస్తే పనికిరాని చిత్రం. ఆ రోజులలో రాత్రివేళ కరిగిన చిట్టెమును కుమ్మరించినప్పుడు ఊరి మీది మబ్బులు ఎర్రబడేవి. ఆ కాలపు పిల్లలెవరిని అడిగినా చెబుతారు. కొలిమిలోని నిప్పును తీయడానికి వీలులేనివాడు మబ్బు మీది దాని నీడనైనా పట్టుకొందామని ప్రయత్నించినాడు. తెలుపూ నలుపూ ఫిల్ములో ఎరుపు ఎక్కడినుండి వస్తుంది? క్రింద ఇట్లా వ్రాసి ఉన్నది: ‘ఆకాశం ఎర్రగా ఉన్నది. బొమ్మలో రాలేదు.’ చదివి మళ్ళీ పైకి చూస్తే, నా కంటికి ఆ బూడిద ఆకాశం ఎర్రబడినది. ధ్వనిని గూర్చి మన ఆలంకారికులు చెప్పినదానికి ఇంతకంటె చిన్న ఉదాహరణ నేను చూడలేదు.

అసలు విశేషం ఆ తరువాతి పుటలో ఉన్నది. బొమ్మను నిలిపే నాలుగు మూలల కాగితపు ముక్కలూ యథాస్థానంలో అంటించి ఉన్నవి. నడుమ బొమ్మ లేదు. బొమ్మ ఉండవలసిన చదరంలో చిన్న అక్షరాలతో ఇట్లా వ్రాసినారు: ‘ఇక్కడ కొలిమి బొమ్మ. నీలి అద్దం పెట్టుకోనిదే లోపలికి చూడలేము. అద్దం తీస్తే కన్ను పోతుంది, పెట్టుకొంటే రంగు మారిపోతుంది. లోపలి అసలు రంగు ఏమిటో ముప్పై ఏళ్ళలో నేను చూడలేదు.’

ఈ నాలుగు వాక్యాలను నేను విమర్శకుడుగా చాలాసార్లు తిరగవేసినాను. ఉపమానం లేదు, విశేషణమంటూ ఉన్నది ‘నీలి’ ఒక్కటే. అదీ అలంకారం కాదు, పనిముట్టు పేరులోని భాగం. కర్మాగారాన్ని గూర్చిన కవిత్వంలో మనవారు నిప్పును రాక్షసుణ్ణి చేసినారు, విప్లవాన్ని చేసినారు, శ్రమశక్తిని చేసినారు. నిప్పును చూడడానికి అడ్డం పెట్టుకొనవలసిన అద్దాన్ని గూర్చి వ్రాయడానికి మాత్రం అక్కడ నిలబడినవాడే కావలసి వచ్చినాడు. బిషాఫ్ కెమెరాకు కూడా అద్దమున్నది. కాని అది రంగు మార్చుతున్నదని అనుమానించవలసిన అవసరం అతనికి కలుగలేదు.

బొమ్మ క్రింది మాటకు మన భాషలో వంశం లేదని కొందరంటారు. ఉన్నది. చాటుపద్యాన్ని తలచుకొనండి. ఎవరి సభలో, ఏ సందర్భంలో, ఎవరిని చూచి చెప్పినాడన్న కథ తోడు రాకపోతే చాటువు సగం చచ్చిపోతుంది. శాసనాన్ని తలచుకొనండి. దాత పేరు, సంవత్సరం, తిథి, భూమికి నాలుగు వైపుల ఎల్లలు. ఇవి లేని శాసనం రాయి మాత్రమే. కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ తదితరులూ సేకరించిన గ్రామ కైఫీయతులు మరి ఏమిటి? ఒక ఊరు తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట. పొట్టకూటికై వచ్చి మరొకరి నేలలో స్థిరపడినవారికి కైఫీయతు వ్రాసిపెట్టే కరణం లేడు. ఆ పని ఇటువంటి ఆల్బములే చేయవలసి ఉన్నది.

లోకంలోనూ దీనికి సాక్ష్యాలున్నవి. జాక్ ఆన్రీ లార్తీగ్ బాల్యం నుండి సరదాకే బొమ్మలు తీసినాడు. వాటిని ఆల్బములలో అంటించి తేదీలూ పేర్లూ వ్రాసినాడు, దినచర్యలూ వ్రాసినాడు. అరవై తొమ్మిదేళ్ళ వయస్సులో, 1963లో న్యూయార్కులో ప్రదర్శన జరిగేవరకు లోకం అతనిని ఛాయాచిత్రకారుడుగా ఎరుగదు. ఎరిగిన తరువాత మాత్రం ఏ బొమ్మలో ఉన్నది ఏ అన్నయో, ఏ పిన్నియో తెలుసుకొనడానికి కష్టపడలేదు. చికాగోలో పిల్లల ఆయాగా జీవించిన వివియన్ మాయర్ లక్షకు పైగా నెగెటివులు విడిచినది. అద్దె బకాయిపడిన గోదాములోని ఆమె పెట్టెలు 2007లో వేలానికి వచ్చినప్పుడు అవి బయటపడినవి. మహాద్భుతమైన చూపు. కాని అందులోని మనుషులు ఎవరో, ఆమె ఎందుకు ఆగి చూచినదో చెప్పే వాక్యాలు దొరకవు. ఇప్పుడు ఇతరులు ఊహించి వ్రాస్తున్నారు. అంత దూరం పోనక్కరలేదు. జంషెడ్‌పూరుకు సమీపంలోని ఘాట్‌శిలలో 1950లో కన్నుమూసిన విభూతిభూషణ బందోపాధ్యాయ, కెమెరా లేకుండానే సింహభూమి అడవులలో తిరిగి దినచర్యలు వ్రాసి వంగ సాహిత్యంలో చేర్చినాడు. మనవారు ఆ అడవులకే వనభోజనాలకు పోయి వందల బొమ్మలు తెచ్చుకొంటారు. ఏ వాగు ఒడ్డున అన్నం తిన్నారో ఒక్క ముక్క వ్రాయరు.

మళ్ళీ కద్మా పెద్దాయన వద్దకు వస్తాను. ఆయనను పొగడి విడిచిపెట్టడం విమర్శ కాదు. గత పదేళ్ళ బొమ్మలు ఆయన ఫోనులో ఉన్నవి. వేల కొద్దీ ఉన్నవి. వాటిని మిత్రులకు పంపుతారు. వారు మరి కొందరికి పంపుతారు. సంపాదకుని అనుమతి అక్కరలేని ఈ సౌకర్యం మంచిదే. నా వంటివారు తిప్పి పంపిన వ్రాతలెన్నో అక్కడ ప్రాణం పోసుకొన్నవి. కాని ఈ బొమ్మల క్రింద ఆయన వాక్యాలు లేవు. ఉన్నచోట ‘సుందర దృశ్యం’, ‘శుభోదయం’. చుట్టకు పన్నెండు బొమ్మలున్న రోజులలో అయిదింటిని దాచుకొన్న మనిషి ఇప్పుడు దల్మా మీది మబ్బును నలభైసార్లు తీసినారు. నలభైలో ఏది తన మబ్బో ఎన్నుకొనలేదు. ఎందుకు వ్రాయడం మానినారని అడిగినాను.

“తేదీ అదే రాసుకుంటాది కదండి బాబూ, ఇంక మనం రాసేదేటుంది?” అన్నారు.

తేదీ వ్రాసుకొంటుంది, అదైనా చేతులు మారేటప్పుడు తరచుగా జారిపోతుంది. మబ్బు ఎర్రబడినదనీ, అది బొమ్మలో రాలేదనీ ఏ ఫోను వ్రాసుకొంటుంది? ఈ మాట నేను అన్నాను. ఆయన నవ్వి ఆల్బమును తీసుకొని చివరి పుట త్రిప్పినారు. టాటానగర్ ప్లాట్‌ఫారం. కదులుతున్న రైలు, బొమ్మ అంతా అలికినట్లున్నది. ముందు భాగంలో ఎవరిదో భుజం సగం అడ్డం వచ్చినది. ఏ పోటీకి పంపినా మొదటి చూపులోనే త్రోసివేస్తారు. దాని క్రింద, సిరా కొంత వెలిసిపోయిన అక్షరాలలో, ఒక్క వాక్యం ఉన్నది: ‘అమ్మ ఎక్కిన పెట్టె ఇదే అనుకొంటాను.’