తీర్పులో కనిపించని మా బడి

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో నెంబర్ 3ని కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులు. ధర్నాకు కూడా దారి లేదు. ఆ ఇంగ్లీషు తీర్పును ఫోన్లో తెచ్చుకుని, సిగ్నల్ దొరికే గట్టు మీద కూర్చుని చదివాం. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలనడం హేయమైన ఆలోచన అన్న మాట దగ్గర ఆగిపోయాం.

షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న వచ్చింది ఆ జీవో. ఎందుకు వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మా చిన్నప్పుడు మా ఊరి బడి సారు సోమవారం మధ్యాహ్నం వచ్చి గురువారానికల్లా బస్సెక్కేవారు. చెడ్డవారేం కాదు. మా మాట రాదు, అంతే. కోయ పిల్ల 'ఏర్' అంటే ఏటికి వెళ్తానంటోంది కాబోలని పంపేసేవారు. మా భాషలో ఏర్ అంటే నీళ్లు. దాహమేస్తోందని సారుకు అర్థమయ్యేలా చెప్పడానికి కొందరికి మూడో తరగతి దాకా పట్టింది.

టీచర్లు రాకపోతే మెరుగైన వసతులు, ప్రోత్సాహకాలు ఇచ్చి ఉండాల్సింది అంటుంది తీర్పు. సరే, ఇద్దాం. ఆ 'ఏర్' ఏ వసతితో తీరుతుంది?

తీర్పులో బలం లేదని మేం అనం. ఏజెన్సీలోనే పుట్టి పెరిగిన దళిత, బీసీ పిల్లలూ ఉన్నారు, వాళ్లకూ ఉద్యోగం కావాలి. నూటికి నూరు శాతం అనడం సమానత్వానికి పొసగదన్న వాదన తేలికది కాదు. అప్పటికే చేరిన టీచర్లను తీసేయలేదు కూడా. మారుమూల ప్రాంతాలకు 50 శాతం పరిమితిలో కొంత సడలింపు ఉండొచ్చని 1992లో ఇందిరా సహానీ కేసులో ఇదే కోర్టు అంది. ఆ సడలింపు మాకెంత వరకు వర్తిస్తుందో మా బళ్లను చూసి తేల్చాల్సింది.

బాధ పెట్టింది రాసిన తీరు. మమ్మల్ని జంతు ప్రదర్శనశాలలా, నాట్యాలు చూసే వినోదంలా చూడకూడదన్నారు. సంతోషం. అదే చోట మాది ఆదిమ సంస్కృతి అనీ, అందులోంచి పైకి తెచ్చి ప్రధాన స్రవంతిలో కలపాలనీ రాశారు. బీఈడీలు, డిప్లొమాలు చేసి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న వాళ్లం ఆ వాక్యాల్లో ఎక్కడున్నాం? కేసు ఓడినవాళ్లు కోర్టును తిట్టుకోవడం మామూలే. కోర్టు తనను చూడనే లేదనుకున్నవాడు మళ్లీ ఆ గడప తొక్కడానికి వెనకాడతాడు.

1997లో సమత కేసులో ఇదే కోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వరాదంది. న్యాయవ్యవస్థ పాఠం చెప్పినప్పుడల్లా ఆ కేసు దగ్గర మా గొంతు పెరిగేది, అక్కడితో పాఠం ముగించేవాళ్లం. ఇప్పుడు రెండు తీర్పులూ చెబుతున్నాం, ఒక పీరియడ్ చాలడం లేదు. మొన్న వెనక బెంచీ పిల్ల లేచి, "సార్, మరి నేను డైట్ చదివితే మన ఊళ్లో టీచర్ని అవుతానా?" అని అడిగింది.

పరీక్ష రాయమన్నాం. పోస్టు సంగతి చెప్పలేకపోయాం.