మార్టిన్-లీక్ పనితనం

1902 ఫిబ్రవరి 8. దక్షిణాఫ్రికాలో వ్లాక్‌ఫాంటీన్ అనే చోట గాయపడ్డ ఒక అధికారిని డాక్టరు ఒకాయన సర్ది పడుకోబెడుతున్నాడు. వంద గజాల దూరం నుంచి నలభై మంది దాకా బోయర్లు, అంటే బ్రిటన్‌తో పోరాడుతున్న డచ్ సంతతి రైతులు, కాలుస్తున్నారు. అంతకుముందే ఆ కాల్పుల్లోనే ఇంకొక క్షతగాత్రుడికి కట్టుకట్టి వచ్చాడు. ఈసారి ఆయనకే మూడు తూటాలు తగిలాయి. ఒంట్లో సత్తువంతా పోయి పక్కకు దొర్లిపోయేదాకా పని వదల్లేదు. ఆయన పేరు ఆర్థర్ మార్టిన్-లీక్. అప్పటికి ఇరవై ఏడేళ్లు.

ఈ సాహసానికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. నేను మాత్రం ఆ ‘సర్ది పడుకోబెట్టడం’ దగ్గరే ఆగిపోతాను. ఆయన తూటా తీయడం లేదు, కాలు కోయడం లేదు. నొప్పి తగ్గేలా మనిషిని కాస్త పక్కకు తిప్పుతున్నాడు, అంతే. కానీ యుద్ధరంగంలో సగం వైద్యం అక్కడే ఉంది. తొడ ఎముక విరిగినవాడి కాలు అటూ ఇటూ కదిలితే, విరిగిన మొన లోపలి కండనూ రక్తనాళాన్నీ చీలుస్తుంది. నొప్పీ రక్తస్రావమూ కలిసి మనిషిని షాక్‌లోకి తోసేస్తాయి. స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా వదిలేస్తే నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగిపోవచ్చు. తల ఎటు ఉండాలి, కాలికి ఊతం ఎక్కడ పెట్టాలి అన్నది చేతులకు అలవాటైపోవాలి. అలవాటైన చేతులు కాల్పుల్లో కూడా తొందరపడవు.

వ్లాక్‌ఫాంటీన్‌లో ఆ చోట ఉన్న ఎనిమిది మందీ గాయపడ్డవాళ్లే. నీళ్లు వచ్చినప్పుడు మిగతా అందరూ తాగేదాకా ఆయన ముట్టలేదు. నెత్తురు పోయిన ఒంటికి దాహం ఎంత భయంకరంగా ఉంటుందో డాక్టరుగా ఆయనకు తెలుసు. దీన్ని త్యాగమనే అంటారు, నిజమే. నాకు అందులో వృత్తిధర్మం కూడా కనిపిస్తుంది. తాను పడిపోయినా వాళ్లు ఇంకా తన రోగులే.

హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టి, లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆస్పత్రిలో చదివిన ఈయన బోయర్ యుద్ధానికి మొదట డాక్టరుగా వెళ్లలేదు. డాక్టరు పట్టా చేతిలో ఉండగానే మామూలు గుర్రపు సిపాయిగా చేరాడు. వైద్యం తర్వాత మొదలుపెట్టాడు. ఆ యుద్ధాన్ని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. బోయర్ రైతుల భార్యాబిడ్డల్ని బ్రిటిష్‌వాళ్లు శిబిరాల్లో కుక్కితే వేలమంది పిల్లలు చనిపోయారు. ఆ బ్రిటిష్ సామ్రాజ్యం కోసమే దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో మనవాళ్లూ స్ట్రెచర్లు మోశారు. గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళంలోని సుమారు 1,100 మందిలో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి నటాల్ తోటలకు వెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. స్ట్రెచర్ మోసేవాడు లేకపోతే ఏ సర్జన్ చెయ్యీ దేనికీ పనికిరాదు కాబట్టి వాళ్లను తలచుకోకుండా ఈ కథ చెప్పలేను.

1903లో మార్టిన్-లీక్ సర్జన్ల ఉన్నత పట్టా ఎఫ్ఆర్‌సీఎస్ పూర్తి చేసి, కలకత్తాలో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వైద్యాధికారిగా చేరాడు. మన వాల్తేరు దాకా వచ్చిన రైల్వే అదే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయనకు నలభై ఏళ్లు. వయసు మీరిందని వద్దంటారేమోనని నేరుగా పారిస్ వెళ్లి, అక్కడి బ్రిటిష్ కాన్సులేట్‌లో పేరు రాయించుకున్నాడు. ఐదో ఫీల్డ్ అంబులెన్స్‌లో పడ్డాడు. ఈసారి యుద్ధం బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో. ఇక్కడ నేలే వేరు. దక్షిణాఫ్రికాలో ఎండిన నేల, చిన్న మౌజర్ తూటా. గాయం శుభ్రంగా ఉండేది, కట్టుకట్టి కదపకుండా వదిలేస్తే చాలాసార్లు మానేది. ఫ్లాండర్స్‌వి శతాబ్దాలుగా పశువుల ఎరువు తిన్న పొలాలు. షెల్ ముక్క బట్టపీలికనీ బురదనీ కండలోకి తోస్తే గ్యాస్ గాంగ్రీన్, ధనుర్వాతం వచ్చేవి. గాయాన్ని విప్పి చచ్చిన కండ తీసేయడం సర్జన్లు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. గాయపడ్డవాడు ఆ బురదలో పడి ఉన్న ప్రతి గంటా ప్రాణాంతకమే. అందుకే శత్రువు కందకాల పక్కన పడి ఉన్నవాళ్లను వెనక్కి తేవడం ఫ్లాండర్స్‌లో చికిత్సకు మొదటి మెట్టయింది. 1914 అక్టోబర్ 29 నుంచి నవంబర్ 8 దాకా, జోన్నెబెక్ దగ్గర, ఆగని కాల్పుల్లో ఆయన చేసింది ఆ పనే. ఒక్క క్షణం తెగించడం వేరు, పదకొండు రోజులు రోజూ వెళ్లడం వేరు. నా లెక్కలో ఈ రెండోదే పెద్దది.

దానికి 1915 ఫిబ్రవరిలో ఆ పతకానికి బార్, అంటే రెండోసారి గెలిచినందుకు గుర్తుగా ఇచ్చే పట్టీ, ప్రకటించారు. విక్టోరియా క్రాస్ రెండుసార్లు దక్కడం అదే మొదలు. ఇప్పటిదాకా ఆ ఘనత ముగ్గురిదే. వారిలో నోయెల్ షవాస్ కూడా సైన్యం డాక్టరే. 1917 ఆగస్టులో ప్రాణం మీదికి వచ్చిన షవాస్‌ను బ్రాండ్‌హూక్ ఆస్పత్రికి చేర్చింది 46వ ఫీల్డ్ అంబులెన్స్. దాని కమాండింగ్ అధికారి మార్టిన్-లీక్.

యుద్ధం తర్వాత ఆయన మళ్లీ అదే రైల్వేకు వచ్చి, 1937లో రిటైరై ఇంగ్లండ్ వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అరవై ఐదేళ్లు. అప్పుడూ ఇంట్లో కూర్చోలేదు. వైమానిక దాడుల రక్షణ దళంలో ఒక పోస్టు బాధ్యత తీసుకున్నాడు.