మూడో చక్రం మీద పట్టు

1972లో మెక్సికో సిటీలో సైకిల్ పందెగాడు ఎడ్డీ మెర్క్స్ ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు సైకిల్ తొక్కాడు. సైకిలే వృత్తిగా బతికినవాళ్ల గురించి మాట వస్తే ఇలాంటి పేర్లే ముందు వినిపిస్తాయి. బర్మాలోని యాంగోన్‌లో సైకా తొక్కేవాడి బతుకు కూడా సైకిలే. అతని వేగం ఏ రికార్డుకూ ఎక్కదు గానీ, పనితనం మాత్రం నిలబడి చూడదగ్గది.

సైకా అంటే మామూలు సైకిల్‌కు ఒక పక్కన చట్రం బిగించి, దానికి మూడో చక్రం వేసిన బండి. చట్రం మీద వీపుకు వీపు ఆనేలా రెండు చిన్న సీట్లు. ఒకరు పోయే దారిని చూస్తూ కూర్చుంటే, రెండోవారు వచ్చిన దారిని చూస్తూ కూర్చుంటారు. మన రిక్షాలో సవారీ వెనక ఉంటుంది, పెనాంగ్ రిక్షాలో ముందుంటుంది, ఇక్కడ పక్కన. ఇద్దరినీ వీపుకు వీపుగా కూర్చోబెట్టడం వల్ల బండి వెడల్పు మరీ పెరగదు, ఇద్దరి బరువూ ఇరుసుకు అటూ ఇటూ సర్దుకుంటుంది. బండి కట్టినవాడి తెలివి అది. అక్కడి నుంచి భారమంతా తొక్కేవాడిదే.

రెండు చక్రాల సైకిల్ మలుపులో ఒరుగుతుంది. ఆ ఒరుగుడే దాన్ని నిలబెడుతుంది. సైకాకు ఆ వీలు లేదు. పెడలు మీద బలం వేస్తే సైకిల్ ముందుకు దూకుతుంది, పక్కనున్న బరువు వెనకే ఉండిపోతుంది. దాంతో బండి సవారీ వైపు తిరగబోతుంది. బ్రేకు వేస్తే ఇదంతా తలకిందులు: సైకిల్ ఆగుతుంది, పక్క బరువు ముందుకు పోతూనే ఉంటుంది, బండి అవతలి వైపు తిరగబోతుంది. తొక్కేటప్పుడు ఒక దిక్కుకు, ఆపేటప్పుడు ఇంకో దిక్కుకు లాగే బండిని తిన్నగా నడపాలంటే చేతులు ఆ లాగుడు కంటే ముందే మేలుకోవాలి. ఖాళీ బండిని సవారీ వైపు జోరుగా తిప్పితే పక్క చక్రం గాల్లోకి లేస్తుంది. బరువున్నప్పుడు అవతలికి తిప్పితే భారమంతా ఆ చక్రం మీదే పడుతుంది. ఒక బేరంలో ఒక్క మనిషి, తర్వాతి బేరంలో ఇద్దరు మనుషులూ బియ్యం మూటా. బేరం మారినప్పుడల్లా అతని చేతికి కొత్త బండి వచ్చినట్టే.

పందెం సైకిల్‌కు ఇరవైకి పైగా గేర్లుంటాయి. పందెగాడికి పెద్ద శత్రువు గాలి, అందుకే ముందువాడి వెనక నక్కి బలం మిగుల్చుకుంటాడు. సైకా వేగానికి గాలి పెద్ద అడ్డు కాదు. బరువు, ఎత్తు, గుంతలు, వీటితోనే పోరు. సాధారణంగా ఉండేది ఒకటే గేరు. ఆగిన బండిని కదిలించే మొదటి అరచుట్టుకే ఎక్కువ సత్తువ కావాలి, ఒళ్లంతా పెడలు మీద మోపితే గానీ కదలదు. కాబట్టి చేయి తిరిగినవాడు కూడలిని దూరం నుంచే చదివి, వేగం తగ్గిస్తాడే గానీ వీలైనంతవరకు ఆగడు. సైకిల్ చక్రాలు ఒక జాడలో, పక్క చక్రం ఇంకో జాడలో పోతాయి. టీకొట్ల పొట్టి బల్లల మధ్య, ఆగిన కార్ల పక్కన, రెండు జాడల గుంతల్నీ ఒకేసారి చూసుకోవాలి. మే నుంచి అక్టోబరు దాకా కురిసే వానల్లో రిమ్ములు తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ఆపాలన్న ఆలోచన అంతకు ముందే రావాలి.

ఈ వీధుల్లో ఒళ్లు ఇంజనుగా చేసుకున్నవాళ్లలో మనవాళ్లున్నారు. గోదావరి, విశాఖ, గంజాం తీరాల నుంచి ‘రంగం’ (అప్పట్లో మనవాళ్లు యాంగోన్‌ను పిలిచిన పేరు) వెళ్లిన తెలుగు కూలీలు ఓడరేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, చేతిరిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరుతో బర్మాలో వాళ్లను కోరంగీలన్నారు. 1930 మేలో రేవు పనుల తగాదా అల్లర్లుగా మారి ఎందరో తెలుగువాళ్ల ప్రాణాలు తీసింది. 1942లో జపాన్ సేనలు వచ్చాక లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు, అందులో ఎందరో కాలినడకనే. కాలక్రమంలో చేతిరిక్షాల చోటును సైకాలు తీసుకున్నాయి. పరుగుతో లాగే పని తొక్కుడు పనిగా మారింది. సవారీని మోసే సత్తువ మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

2003లో యాంగోన్‌లో మోటారు సైకిళ్లను నిషేధించారు. దాంతో బస్సు దిగాక సందులోని ఇంటి దాకా చేరడానికి సైకా అక్కరకొచ్చింది. 2011 తర్వాత కార్ల దిగుమతి సులువై పెద్ద రోడ్లు నిండిపోయాయి. సందులు ఇంకా సైకా చేతిలోనే ఉన్నాయి.

పందెగాడి వెనక విడి చక్రాలతో జట్టు కారు వస్తుంది, మెకానిక్ ఉంటాడు. సైకా నడిపేవాడికి తానే జట్టు. అతని పనితనాన్ని కొలవడానికి గడియారం పనికిరాదు, సవారీకి తెలియకుండా పోయిన కుదుపుల్ని లెక్కపెట్టాలి. యాంగోన్ పాన్సోడాన్ రేవులో పడవెక్కి నది అవతలి దాలాలో దిగే తెలుగువాళ్లెవరైనా సైకా ఎక్కితే అతని చేతుల్ని గమనించండి. బ్రేకు పట్టుకునే లోపే హ్యాండిల్ మీ వైపు పిసరంత తిరుగుతుంది. ఏళ్ల తరబడి తొక్కితే గానీ పట్టుబడని విద్య అది. బేరమాడేటప్పుడు దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.