మడతబందు

కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు నిలబెట్టే చోటికి కాస్త ఇవతల, చెరుకుగడల బండ్ల పక్కన, బుడగలు కాల్చే దుకాణం పెట్టేవాళ్ళు. రూపాయికి ఐదు గుళ్ళు. దుకాణం అతను తుపాకీని తొడకి ఆనించి మధ్యలోకి విరిచేవాడు. గొట్టం కిందికి వాలేది, లోపల స్ప్రింగు మూలిగేది. సీసపు గుండొకటి దోపి, టక్కున మూసి చేతికిచ్చేవాడు. ఎన్నిసార్లు కాల్చినా గుండు ఎడమకే పోయేది. వాడే కావాలని గురి వంచి పెడతాడని మా కుర్రమూక తీర్మానం. మా నాన్న వడ్రంగి. ఆయన ఆ తుపాకీని అడిగి తీసుకుని, రెండుసార్లు విరిచి మూసి, "వాడేం వంచలేదురా, బందు అరిగింది" అని తేల్చేశాడు. ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలీదు.

ముప్పై ఏళ్ళ తర్వాత అదే మాట ఇంకోసారి విన్నాను. ఈసారి డాలస్ పక్కన ప్లేనోలో, మా హాల్లో. ఇది ఆ కథే.

రెండేళ్ళుగా శనివారం పొద్దున్నే షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాను. కాల్చేది కాగితాన్ని. 50 గజాల అవతల చెక్కకి గుచ్చిన కాగితం, చేతిలో పాయింట్ టూటూ రైఫిల్. ఈ తూటాలో గుండు పాత పావలా బిళ్ళంత బరువుంటుంది, రెండున్నర గ్రాములు. భుజాన్ని తన్నదు. తూటా ఒక్కింటికి పది సెంట్లు అటూ ఇటూ. సగం ఊపిరి వదిలి, మిగతా సగం బిగబట్టి, ట్రిగ్గర్ని వేలికొసతో ఒత్తుతూ పోతే, ఎప్పుడు పేలుతుందో మనకే తెలియని ఒక క్షణం వస్తుంది. అలా తెలియకుండా పేలితేనే గుండు సరిగ్గా పడుతుంది. పేలుస్తున్నానని తెలిసి పేల్చిన ప్రతిసారీ పక్కకి పోతుంది. వారమంతా మీటింగుల్లో మాట్లాడీ మాట్లాడీ వచ్చినవాడికి ఆ అరనిమిషం మౌనం ఎంత హాయో చెప్పలేను.

ముందే ఒక మాట. హెచ్‌-1బీ మీదున్నవాళ్ళూ, చదువుకోడానికి వచ్చిన ఎఫ్‌-1 పిల్లలూ ఇది చదివి ఉత్సాహపడొద్దు. వలసేతర వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి లేకుండా రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా తప్పే. ఫ్రెండుతో సరదాగా వెళ్ళి, కాల్చి, ఫోటో దిగి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను. మనవాళ్ళ గ్రీన్‌కార్డు క్యూ సంగతి తెలిసిందే కాబట్టి, ఏ తుపాకీ కొనాలా అని ఆలోచించుకోడానికి నాకు కావలసినంత కాలం దొరికింది.

అంతకాలం ఆలోచించి చివరికి మడత తుపాకీయే కొనాలనుకున్నాను. కారు డిక్కీలో పట్టాలి గదా అని మా ఆవిడతో చెప్పాను. అసలు కారణం డిక్కీ కాదు. మా ఇంట్లో ఏడాదికి రెండు సత్యనారాయణ వ్రతాలు జరుగుతాయి, పాతిక కుటుంబాలు వస్తాయి. మూడడుగుల పొడుగు సంచీ భుజాన వేసుకుని కారెక్కుతుంటే ఎవరి కంటైనా పడితే, "వాళ్ళింట్లో తుపాకీ ఉందట" అనే మాట ప్రసాదం కంటే ముందే ఊరంతా పంచేస్తారు. టెన్నిస్ బ్యాటు సంచీలాంటి దాంట్లో పట్టాలి, చూసినవాళ్ళకి అనుమానం రాకూడదు. నా లెక్క అదీ.

కొట్టుకెళ్తే తెలిసింది, తుపాకీని పొట్టిగా చెయ్యడంలో ఎన్ని దారులున్నాయో. భుజానికి ఆనించే వెనక భాగాన్ని మన పత్రికలు మడమ అంటాయి, రేంజ్‌లో అందరూ స్టాక్ అంటారు. అది మడిచేది ఒక రకం. 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 రైఫిల్‌కి 2012లో టేక్‌డౌన్ అని ఒక రకం వచ్చింది. దాంట్లో చిన్న మీట నొక్కి గొట్టాన్ని మెలితిప్పితే రెండు ముక్కలై సంచీలో పడుకుంటుంది. కెల్‌టెక్ సబ్‌-2000 అయితే నడుం దగ్గరే విరిగి, గొట్టం వెనక్కొచ్చి మడమ మీద పడుకుంటుంది. మడిస్తే 16 అంగుళాల పైచిలుకు. మా తిరునాళ్ళ తుపాకీకి అమెరికా చుట్టం, కాకపోతే ఇది పైకి మడుచుకుంటుంది.

మడత మడమకి పేరు తెచ్చింది రెండో ప్రపంచయుద్ధం. 1942లో అమెరికా తన పారాట్రూపర్ల కోసం ఎం1ఏ1 కార్బైన్ చేయించింది. చెక్క మడమ బదులు లావుపాటి తీగ చట్రం, చెంప ఆనేచోట ఒక తోలుముక్క. విప్పినప్పుడు దానికి తాళం కూడా పడదు, స్ప్రింగు పట్టుకుని ఉంటుందంతే. విమానం తలుపులోంచి చీకట్లోకి దూకేవాడికి ముందు అది కాలికి అడ్డం రాకపోవడం ముఖ్యం, గురి సంగతి దిగాక చూసుకోవచ్చు. నాకు తోచేదేమంటే, మడత మడమలన్నీ ఆ దూకేవాడి అవసరంలోంచే పుట్టాయి. శనివారం పొద్దున కాగితం మీద గురిచూసేవాణ్ణి ఎవరూ దృష్టిలో పెట్టుకోలేదు.

ఇక్కడొక తమాషా చెప్పాలి. యూజీన్ స్టోనర్ అనే ఆయన చేసిన ఏఆర్‌-15 వంశంలో మడమ లోపల గొట్టం ఉంటుంది. ప్రతి గుండుకీ లోపలి బోల్టు వెనక్కొచ్చి ఆ గొట్టంలోని స్ప్రింగుని నొక్కి మళ్ళీ ముందుకి పోవాలి. కాబట్టి ఆ మడమని కాస్త లోపలికి జరపగలరు గానీ, మామూలుగా మడవలేరు. అదే స్టోనర్ 1950ల చివర్లో ఆర్మలైట్ కంపెనీకి ఏఆర్‌-7 గీశాడు. అది నీళ్ళలో తేలే పాయింట్ టూటూ. గొట్టం విప్పి, మిగతా భాగం విప్పి, అన్నీ బోలు మడమలోకి దోపి మూత పెట్టెయ్యొచ్చు. విమానం కూలి అడవిలో పడ్డవాడు కుందేల్ని కొట్టుకుని బతకడానికి చేసిన సరుకు. 1963లో వచ్చిన బాండ్ సినిమా 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో కనపడేది ఇదే. ఇప్పుడు హెన్రీ కంపెనీ చేస్తోంది. మూడున్నర పౌన్లు, మూత పెడితే 16.5 అంగుళాలు. మడవడానికి వీల్లేని మడమా, తుపాకీనంతా మింగేసే మడమా ఒకే బుర్రలోంచి వచ్చాయి. కొట్టులో ఏఆర్‌-7 పట్టుకుని చూశాను. బొమ్మలా ముచ్చటగా ఉంది. బోలు మడమ బొద్దుగా ఉండి చెంపకి కుదర్లేదు, వదిలేశాను.

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి మడమ సంగతి చెబితే, "బావా, అది పట్టుకుని మా రాష్ట్రానికి మాత్రం రాకు" అన్నాడు. నిజమే. 1994 నుంచి 2004 దాకా దేశమంతా ఉన్న, కొన్ని రకాల తుపాకుల నిషేధ చట్టంలో మడత మడమ ఒక లెక్కలోకొచ్చే లక్షణం. ఆ చట్టం గడువు తీరిపోయింది గానీ న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా తమ తమ చట్టాల్లో ఆ లక్షణాన్ని ఉంచుకున్నాయి. ఏ తూటాకి వర్తిస్తుంది, ఎన్ని లక్షణాలుంటే తప్పు అన్నది రాష్ట్రానికో రకం. ఇవి కాక 1934 నాటి ఫెడరల్ చట్టం ఉండనే ఉంది. రైఫిల్ గొట్టం 16 అంగుళాలకి గానీ, మొత్తం పొడుగు 26 అంగుళాలకి గానీ తగ్గితే అది వేరే జాతి, రిజిస్టర్ చేయించాలి. ఆ పొడుగుని ఫెడరల్ వాళ్ళు మడమ విప్పి కొలుస్తారు. అన్ని రాష్ట్రాలూ అలాగే కొలుస్తాయని అనుకోవద్దు. ఇల్లు మారేవాళ్ళు, కారులో ఊళ్ళు తిరిగేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

చివరికి మామూలు 10/22 కొని, దానికి విడిగా ఒక మడత మడమ కొన్నాను. ఒక చిన్న కొట్టులో, చవగ్గా. టేక్‌డౌన్ ఎందుకు కొనలేదంటే, దాంట్లో గురిచూసే దుర్భిణి, అంటే స్కోపు, ఒక ముక్క మీదా గొట్టం ఇంకో ముక్క మీదా ఉంటాయి. విప్పి బిగించినప్పుడల్లా గురి కాస్త జరుగుతుందేమోనని నా భయం. మడత మడమలో గొట్టం, స్కోపు రెండూ కదలవు, మడిచేది వెనక భాగమే. కాబట్టి గురికి ఢోకా లేదనుకున్నాను. కాగితం మీద ఈ తర్కానికి వంక పెట్టలేం.

కానీ తుపాకీకీ మనిషికీ మధ్య ఉండేది చెంప. కళ్ళు మూసుకుని రైఫిల్ని భుజానికి ఆనించి, చెంప వాల్చి, అప్పుడు కళ్ళు తెరవాలి. స్కోపులో వలయం నిండుగా కనపడితే ఆ మడమ మీకు సరిపోయినట్టు. అంచుకి నల్లని నెలవంక కనపడితే సరిపోనట్టు. మడమ పొడుగు చూడ్డానికి దాని చివర మోచేతి వంపులో పెట్టి చూపుడువేలు చాచాలి, ట్రిగ్గర్ సులువుగా అందాలి. నాకు అందింది. మా ఆవిడకి అందలేదు. ఇక ఆ మడమ తీరు చూస్తే, సన్నటి ఇనప చట్రం. ఆగస్టులో టెక్సస్ ఎండకి అట్లపెనం, జనవరిలో ఐసుముక్క. ప్రతి గుండుకీ చెంప తనకు తెలియకుండానే ఒక నూలుపోగంత పక్కకి జరుగుతుంది.

మొదటి నెల బాగానే నడిచింది. ఐదు గుళ్ళూ అంగుళంన్నరలో పడేవి. నాలుగైదు వందల తూటాలయ్యాక గుళ్ళు చెదరడం మొదలెట్టాయి. రెండంగుళాలు, మూడు, నాలుగు. స్కోపు పోయిందనుకున్నాను. తూటాల బ్రాండ్ మార్చాను. ఊపిరి తప్పనుకుని యోగా వీడియోలు కూడా చూశాను, నవ్వకండి.

అప్పుడే నాన్న విజిటర్ వీసా మీద వచ్చాడు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, రైఫిల్ని హాల్లో బల్ల మీద పెట్టి తుడుస్తున్నాను. ఆయన చెయ్యి చాచాడు. "తాకకూడదు నాన్నా, నీ వీసాకి చట్టం ఒప్పుకోదు" అన్నాను.

"ఉలి పట్టినోణ్ణి, బాడిస పట్టినోణ్ణి, ఇదొక లెక్కంట్రా నాకు?" అని గొణిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని మడతకుర్చీలో కూర్చున్నాడు. 

తుడవడం అయ్యాక మడమ మడిచాను. "మళ్ళీ ఇప్పు" అన్నాడు. విప్పాను. "ముయ్యి." మూశాను. "ఇప్పు." కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"బందు అరిగిందిరా. మంచి బందుకి ఒకటే చప్పుడు. దీనికి తాళం పడ్డాక రెండోది వస్తంది, వినపడట్లా?"

నాకు వినపడలేదు. బల్ల మీదున్న కరెంటు బిల్లు చించి ఆ బందు సందులో పెట్టమన్నాడు. కాగితం దూరింది. మడిచి పెట్టమన్నాడు. రెండు పొరలూ దూరాయి. "నీ దవడ ఆన్చినప్పుడల్లా అది అంత జరుగుద్ది. తలుపు వాలితే గడియ పడదు గదా, ఇదీ అంతే" అన్నాడు. తలుపుల గురించి ఆయనకి తెలియంది లేదు. పట్టుకెళ్ళి కొట్టువాళ్ళకి చూపిస్తే, ఆ రకానికి ఆమాత్రం కదలిక మామూలేనన్నారు.

మంచి మడత మడమలు లేవని కాదు. గట్టి తాళం, చెక్కినట్టున్న బందు, చెంపకి ఎత్తు సర్దుకునే ఏర్పాటు ఉన్నవి దొరుకుతాయి. ఎడమకి మడిచేవి మేలు, ఖాళీ తూటా బయటపడే కుడివైపుకి అడ్డం రావు. వీపు సంచీతో కొండలెక్కేవాళ్ళకి, చిన్న విమానం నడిపేవాళ్ళకి అవి తప్పనిసరి కూడా. కొంటే వాటి ధర పెట్టి కొనాలి. ఇంకో సంగతి, పొట్టి తుపాకీ పెద్దల సంచీలో ఎంత సులువుగా పడుతుందో పిల్లల చేతికీ అంత సులువుగా వస్తుంది. తూటాలున్న తుపాకీ 17 ఏళ్ళ లోపువాళ్ళకి అందేలా వదిలేసి, అది వాళ్ళ చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం. పుస్తకాల అరలో పడుతుంది గదా అని అక్కడ పెట్టే సరుకు కాదు. సేఫ్ ఎలాగూ కొనాల్సిందే.

ఇనప చట్రం ఊడదీసి, తుపాకీతో పాటు వచ్చిన పాత చెక్క మడమే మళ్ళీ బిగించాను. ఒక స్క్రూ, ముందువైపు ఒక పట్టీ, అంతే పని. మరుసటి శనివారం ఐదు గుళ్ళూ అంగుళంన్నరలో పడ్డాయి. ఆ కాగితం నాన్న తన సూట్‌కేసులో ఊరికి పట్టుకెళ్ళాడు. తర్వాతి వ్రతానికి వచ్చిన ఒకాయన గరాజ్‌లో పొడుగు సంచీ చూశాడు. నా గుండె ఆగినంత పనైంది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మీదీ 10/22యేనా?" అన్నాడు.

చెక్క మడమతో నా రైఫిల్ పొడుగు 37 అంగుళాలు. డిక్కీ కొలవాలని ఇన్నాళ్ళూ తోచలేదు. మొన్న టేపు పెట్టి చూశాను, 42 ఉంది. మీరు మాత్రం కొట్టుకెళ్ళే ముందే కొలుచుకోండి.