నల్ల కంకర కింద పదును

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాన్నే మనం కరువు సీమ అంటాం. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న స్పెయిన్ దీవి లాంజరోటేలో పడేది సుమారు 150 మిల్లీమీటర్లే. అక్కడ పారే ఏరంటూ లేదు. ఈశాన్యపు గాలి ఒక పట్టాన ఆగదు. అయినా ఆ దీవిలో రెండున్నర శతాబ్దాలుగా ద్రాక్ష పండుతోంది, వైనూ తయారవుతోంది. అదంతా నేల మీద పరుచుకున్న నల్ల కంకర చలవే.

ఆ కంకర ఉత్పాతంతో వచ్చింది. 1730 సెప్టెంబరు 1న టిమన్‌ఫయా ప్రాంతంలో నేల చీలి నిప్పులు కక్కడం మొదలుపెట్టి, 1736 ఏప్రిల్ దాకా విడవలేదు. యైసా ఊరి చర్చి ఫాదర్ ఆంద్రెస్ లొరెంసో కుర్బెలో ఏ ఊరు ఎప్పుడు మునిగిందో రాసిపెట్టాడు. దీవిలో దాదాపు నాలుగో వంతు లావా పాలైంది, తిండిగింజలు పండే మంచి పొలాలతో సహా. లావా గడ్డకట్టిన చోట గడ్డపార కూడా దిగదు. దాని చుట్టుపక్కల మాత్రం గాలికి ఎగిరొచ్చిన గుల్ల కంకర పేరుకుంది. అక్కడివాళ్లు దాన్ని పికోన్ అంటారు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, ముక్క ముక్కకీ బొరియలే. అది పలచగా పడిన చోట మొక్కలు మునుపటికన్నా ఏపుగా రావడం రైతులు కనిపెట్టారు.

వాన పడితే నీరు ఈ కంకర సందుల్లోంచి చకచకా కిందికి దిగి, అడుగునున్న పాత మట్టిలో ఇంకుతుంది. పైన పారి పోయేది దాదాపు ఉండదు. ఇక ఎండ సంగతి. మామూలు నేలలో మట్టి రేణువుల నడుమ సన్నటి దారుల వెంట తడి పైకి పాకుతుంది, గాలి తగిలి ఆరిపోతుంది. ముతక కంకరలో సందులు పెద్దవి, అందుకని ఆ పాకుడు మట్టికీ కంకరకీ మధ్యే తెగిపోతుంది. పైగా గుల్లలనిండా గాలి ఉంటుంది కాబట్టి ఎండ వేడి లోపలికి అంతగా దిగదు. మన మెట్ట రైతు వాన వెలిశాక గుంటక తోలి పైమట్టిని పొడి చేసేదీ ఇందుకే: పైన దుమ్ము, కింద పదును. కాకపోతే గుంటక ప్రతి వానకీ తోలాలి. పికోన్ ఒకసారి పడితే ఏళ్ల తరబడి కాపు కాస్తుంది.

రాత్రి మంచును ఈ రాళ్లు పీల్చుకుని వేళ్లకు అందిస్తాయని దీవికి వెళ్లినవాళ్లందరికీ చెబుతారు. మంచు పడటం నిజమే, కథా బాగుంది. కానీ అసలు లాభం మంచు సంపాదనలో కన్నా వాన పొదుపులోనే ఉంది.

పలచగా పడితే సరే, మనిషెత్తు మించి పేరుకుంటే? లా హేరియా లోయలో అదే జరిగింది. వేరు మట్టిని అందుకోవాలి గనుక, మట్టి తగిలేదాకా గరాటులాంటి గొయ్యి తవ్వారు. కొన్ని రెండు మూడు మీటర్ల లోతుంటాయి. అడుగున సాధారణంగా ఒక్కటే ద్రాక్ష మొక్క. గాలి వచ్చే వైపు సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి అర్ధచంద్రాకారపు గోడ. గోతిలోకి దిగితే కాలు పెట్టిన ప్రతిచోటా కంకర జారి మొక్క మొదట్లో పడుతుంది, దాన్ని మళ్లీ పైకి లాగాలి. హెక్టారుకు సుమారు 300 మొక్కలకు మించి పట్టవు. జులై చివర్లో మొదలయ్యే కోతకు మల్వాసియా రకం ద్రాక్ష గుత్తులు చేత్తోనే కోసి, పెట్టెలు భుజానికెత్తుకుని పైకెక్కాలి. ఒకప్పుడు అక్కణ్ణుంచి ఒంటెలు మోసేవి.

కంకర పడని ఊళ్లవాళ్లు దాన్ని తెచ్చి పొలంలో జానెడు లోపు మందాన పరిచి ఉల్లి, పప్పుధాన్యాలు పండించుకున్నారు. దీవి నడుమ, గాలి మోసుకొచ్చిన సముద్రపు ఇసుక కిందా ఇదే కిటుకుతో చిలగడదుంప పండుతుంది.

నేలను ఏదో ఒకటి కప్పితే చాలు అనుకుంటే మాత్రం పొరపాటు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వాన ఎక్కువ. అక్కడ చాలా తోటల్లో సాళ్ల మధ్య గడ్డిని కావాలనే పెంచుతారు. గడ్డి నీళ్లూ నత్రజనీ లాగేస్తుంది గనుక తీగ ఆకు మీద అతిగా పెరగదు. వాలు నేల కోసుకుపోదు, ట్రాక్టరు బురదలో దిగబడదు. కాస్త పొడి ప్రాంతాల్లో సాలు విడిచి సాలు గడ్డి వదులుతారు, లేదంటే శీతాకాలంలో పెంచిన పైరును వసంతంలో తొక్కించి ఎండు పరుపు చేస్తారు. బతికున్నంతకాలం గడ్డి దప్పికకు తీగతో పోటీ, ఎండాక కాపలా. లాంజరోటేలో ఆ పోటీకి తావే లేదు, మొలిచిన కలుపునల్లా పీకాల్సిందే.

పికోన్ కూడా శాశ్వతం కాదు. గాలి దుమ్ము, అడుగు మట్టి కలుస్తూ పోతే గుల్లల సందులు పూడి, తెగిన పాకుడు మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడు పై పొర ఎత్తి కొత్తది పరవాలి. దానికి మనుషులు కావాలి, దీవి కుర్రాళ్లకు హోటళ్లలో నెల జీతాలున్నాయి. 2025లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మంచిదే, గుర్తింపు పత్రం గొయ్యి దిగి కంకర లాగదు.

అందుకే కొందరు గోతులు మాని పొడుగాటి కందకాలు తీసి, వాటి పక్కన ఒకే గోడ కట్టి వరుసగా నాటుతున్నారు. ఎక్కువ మొక్కలు పడతాయి, పని సులువవుతుంది. ఫొటోలకు గోతులంత అందంగా ఉండవని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. వాళ్లు కోతకు రారు కదా. కాకపోతే కందకం కుదిరేది కంకర పలచగా ఉన్న చోటే. లా హేరియా నడిబొడ్డున మట్టి అందాలంటే ఇప్పటికీ గొయ్యే దారి.