ఇనుములో పోసిన కృతజ్ఞత

బెర్లిన్ క్రొయిజ్‌బర్గ్ గుట్టమీది ఇనుప స్మారకాన్ని కేవలం షింకెల్ నైపుణ్యంగా మెచ్చుకునేవారితో నేను ఏకీభవించలేను. నెపోలియన్‌పై 1813–15లో జరిగిన యుద్ధాల్లో నేలకొరిగిన వారికోసం అది 1821లో వెలిసింది. తన పిలుపు విని ధనప్రాణాలు అర్పించిన ప్రజలకు ఇది రాజు కానుక అంటుంది దానిమీది శాసనం. కాని 1815 మే నెలలో ఆ ప్రజలకే రాజ్యాంగం ఇస్తానని వాగ్దానం చేసినవాడూ ఆ మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మే. రాజ్యాంగం రాలేదు, 1819లో కార్ల్స్‌బాద్ నిర్బంధ నిర్ణయాలు వచ్చి పత్రికల, విశ్వవిద్యాలయాల నోరు నొక్కాయి. గూళ్ళలోని 12 విగ్రహాలు 12 పోరాటాలకు ప్రతీకలు. వాటిలో కొన్నింటికి రాజకుటుంబీకుల ముఖాలు! మరి సామాన్య సైనికుడి ముఖమేదీ? భావితరాలు వారిని ఆదర్శంగా తీసుకోవాలట. దేనిని ఆదర్శంగా తీసుకోవాలి? త్యాగాన్నా, మోసపోవడాన్నా? చనిపోయినవారికి నమస్కరిద్దాం. బ్రతికినవారికి ఎగ్గొట్టిన బాకీని మాత్రం ఆ ఇనుము కప్పలేదు.